కొబ్బరి తోటలో త్రిభుజ పద్ధతి

కొబ్బరి తోట వేయదలచిన రైతు మొదట కొలతాడు పట్టవలెను. మొక్కకు మొక్కకు 25 అడుగుల ఎడముతో చతురస్ర పద్ధతిలో నాటినచో ఎకరాకు సుమారు 70 మొక్కలు పట్టును. అదే ఎడముతో త్రిభుజ పద్ధతిలో నాటినచో సుమారు 80 పట్టును. ఎడము తగ్గదు; నాలుగు చెట్ల నడుమ వృథాయగు చోటు మాత్రమే కలిసివచ్చును.

ఇది గణితజ్ఞులు తేల్చిన విషయము. సమానమైన వృత్తములను చతురస్రముగా పేర్చిన నూటికి 79 పాళ్లు, త్రిభుజముగా పేర్చిన 91 పాళ్లు చోటు నిండును. ఇంతకు మించిన పేర్పు లేదని 1940లో హంగరీ గణితజ్ఞుడు ఫెయెష్ తోత్ నిరూపించెను.

పొలములో దీనిని గుర్తించుట సులభము. 50 అడుగుల తాడుకు సరిగా నడుమ ముడి వేయవలెను. 25 అడుగుల ఎడముగల రెండు గుర్తు పుల్లల వద్ద తాడు కొనలను పట్టి, ముడిని బిగువుగా లాగవలెను. ముడి నిలిచిన చోటే మూడవ గుంట. వరుసల నడుమ 21 అడుగుల 8 అంగుళములు వచ్చును.

అయితే చెట్ల సంఖ్య పెరిగినచో నీరు, ఎరువు కూడ పెరుగవలెను. మీ బావి నీరు 70 చెట్లకే చాలునన్నచో 80 నాటరాదు. ఇరుకు చేలలో అంచుల వద్ద చోటు పోవును గనుక, గుంటలు త్రవ్వక ముందే కాగితముపై గీచి లెక్క చూచుకొనవలెను.