టెసరాక్ట్ వచ్చింది, తెలుగే రాలేదు: ప్రశ్నలు - జవాబులు

ప్రశ్న: తెలుగు పుస్తకాల స్కాన్‌ల నుంచి అక్షరాలు తీద్దామని విండోస్ ల్యాప్‌టాప్‌లో పిప్‌తో పైటెసరాక్ట్ ఇన్‌స్టాల్ చేశాను. రన్ చేస్తే మాత్రం ‘టెసరాక్ట్ ఇన్‌స్టాల్ కాలేదు, లేదా పాత్‌లో లేదు’ అంటోంది. ఎందుకని?

జవాబు: ఎర్రర్ నిజమే చెబుతోంది. పైటెసరాక్ట్ మధ్యవర్తి మాత్రమే. పైథాన్ ఇచ్చిన బొమ్మను అసలు ఇంజిన్‌కు అందించి, వచ్చిన అక్షరాలను తిరిగి తెచ్చిస్తుంది. ఆ ఇంజిన్ టెసరాక్ట్. 1980ల్లో హ్యూలెట్ ప్యాకార్డ్ సంస్థలో పుట్టి, 2005లో ఓపెన్ సోర్స్ అయింది. పిప్ దాన్ని వెంట తీసుకురాదు.

విండోస్‌కు ఎక్కువమంది వాడేది జర్మనీలోని మాన్‌హైమ్ విశ్వవిద్యాలయ గ్రంథాలయం తయారుచేసిన ఇన్‌స్టాలర్. చాలామంది పప్పులో కాలేసేది ఇక్కడే. ‘నెక్స్ట్’ మీద నొక్కుకుంటూ పోతే ఇంగ్లిష్ ఒక్కటే వస్తుంది. మధ్యలో అదనపు భాషల జాబితా కనిపిస్తుంది, దాన్ని తెరిచి తెలుగు దగ్గర టిక్ పెట్టాలి.

తర్వాత ప్రోగ్రాం ఫైల్స్‌లో ఏర్పడిన టెసరాక్ట్-ఓసీఆర్ ఫోల్డర్‌ను పాత్‌లో చేర్చి, కమాండ్ ప్రాంప్ట్‌ను మూసి కొత్తగా తెరవాలి. పాత విండోకు ఆ మార్పు తెలియదు. పాత్ జోలికి వెళ్లడం ఇష్టం లేకపోతే పైథాన్ కోడ్‌లోనే ఫైల్ చిరునామా ఇవ్వొచ్చు. అప్పుడు కొటేషన్‌కు ముందు చిన్న ‘ఆర్’ పెట్టడం మేలు. అది లేకపోతే, ఫైల్ పేరు ‘టీ’ అక్షరంతో మొదలవుతుంది కాబట్టి, దాని ముందున్న బ్యాక్‌స్లాష్‌తో కలిపి పైథాన్ దాన్ని ట్యాబ్‌గా చదివేస్తుంది. గంటలు తినేసే రకం తప్పు ఇది.

ప్రశ్న: ఉబుంటులో, మ్యాక్‌లో కూడా ఇంత తతంగం ఉంటుందా?

జవాబు: ఉండదు. ఉబుంటులో యాప్ట్‌తో రెండు ప్యాకేజీలు తెచ్చుకుంటే సరి: టెసరాక్ట్-ఓసీఆర్, దాని పేరుకే చివర ‘టెల్’ తగిలించిన తెలుగు ప్యాకేజీ. అయితే ఉబుంటు 23.04 నుంచి సిస్టమ్ పైథాన్‌లోకి నేరుగా పిప్ వాడబోతే అది అడ్డుకుంటుంది. ఆ అడ్డును బలవంతంగా దాటించే ఆప్షన్ ఉంది కానీ, దాన్ని వాడకపోవడమే మేలు. వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ తెరిచి పైటెసరాక్ట్‌ను అందులో పెట్టుకోవాలి.

మ్యాక్‌లో హోమ్‌బ్రూ ఉంటే చాలు. టెసరాక్ట్‌తో పాటు టెసరాక్ట్-ల్యాంగ్ కూడా ఇన్‌స్టాల్ చేయాలి. అందులో అన్ని భాషలూ కట్టగట్టుకుని వస్తాయి. తెలుగు ఒక్కటే చాలనుకుంటే ‘టెల్ డాట్ ట్రెయిన్డ్‌డేటా’ ఫైల్‌ను గిట్‌హబ్ నుంచి దించి టెస్‌డేటా ఫోల్డర్‌లో వేయొచ్చు. ఎం1, ఆ తర్వాతి చిప్‌ల మ్యాక్‌లలో హోమ్‌బ్రూ సరంజామా అంతా ‘ఆప్ట్’ ఫోల్డర్ కింద ఉంటుంది. పాత ఇంటెల్ మ్యాక్‌ల కోసం రాసిన సూచనల్లోని చిరునామా వీటికి పనికిరాదు.

ప్రశ్న: అన్నీ పెట్టాక కూడా తెలుగు పేజీ ఇస్తే పిచ్చి పిచ్చి ఇంగ్లిష్ అక్షరాలు వస్తున్నాయి.

జవాబు: భాష చెప్పకపోతే టెసరాక్ట్ ప్రతి పేజీనీ ఇంగ్లిష్ అనుకునే చదువుతుంది. ముందు భాషల జాబితా చూపించే కమాండ్ ఇచ్చి అందులో ‘టెల్’ ఉందో లేదో చూడాలి. ఉంటే కోడ్‌లో ‘ల్యాంగ్’ దగ్గర ఆ పేరు ఇస్తే సరిపోతుంది. తెలుగు, ఇంగ్లిష్ కలిసిన పేజీ అయితే రెండు పేర్ల మధ్య ప్లస్ గుర్తు పెట్టాలి. స్కాన్ కనీసం 300 డీపీఐ ఉండాలి. అంతకన్నా తక్కువైతే ముందు దెబ్బతినేది ఒత్తులే.

ప్రశ్న: సోర్స్ కోడ్ దించి సొంతంగా కంపైల్ చేసుకోవాలా?

జవాబు: అక్షరాలు తీయడానికే అయితే అక్కర్లేదు. సీ ప్లస్ ప్లస్‌లో టెసరాక్ట్‌ను లైబ్రరీగా వాడేవాళ్లకు కూడా ఉబుంటులో ‘డెవ్’ ప్యాకేజీ సిద్ధంగా ఉంది. విండోస్‌లో వీసీప్యాకేజ్ ఆ పని చేసిపెడుతుంది.