విప్పిన సామాను చూడందే బిల్లు కట్టకు



నువ్వు ఫోన్లో పంపిన బిల్లు చూశాను. రెండు నెలల కింద స్కూటీ వెనక చక్రానికి కొత్త బ్రేకు లైనర్లు వేయించావు. ఇప్పుడు మళ్లీ బ్రేకు పట్టడం లేదు. అదే మెకానిక్ మళ్లీ లైనర్లే మార్చాలంటున్నాడు. మోసం చేస్తున్నాడా మామయ్యా అని అడిగావు. ఫోన్లో చెబితే సగం మర్చిపోతావని కాగితం మీద పెడుతున్నాను.

మోసమని ఇప్పుడే అనకు. బిల్లు మీది అంకె చూసి మోసమో కాదో తేల్చలేం. నాలుగు వందలు తీసుకుని నిజాయితీగా చేసినవాడు ఉంటాడు, వంద తీసుకుని ఏమీ చెయ్యనివాడూ ఉంటాడు. తేల్చేది విప్పిన సామాను. ఏది అరిగింది, ఎందుకు అరిగింది, దాని బదులు ఏది వేశారు అన్న మూడింటికీ జవాబు నీ కళ్లతో చూశాకే డబ్బు ఇవ్వాలి.

కళ్లతో చూడటం ఎందుకు ముఖ్యమో రైలుతో పోల్చి చెబుతాను. మన కారేపల్లి జంక్షన్లో గూడ్సు బండి ఆగడం చిన్నప్పటి నుంచీ చూస్తున్నావు.  రైలు బ్రేకు గొట్టంలో గాలి పోతే బ్రేకులు వాటంతటవే పడతాయి. 1872లో జార్జ్ వెస్టింగ్‌హౌస్ అమెరికాలో పేటెంట్ తీసుకున్న పద్ధతి అది. లోపం వస్తే బండి ఆగిపోతుంది. నీ స్కూటీకి ఆ రక్షణ లేదు. లైనర్ అరిగేకొద్దీ లీవర్ రోజుకు కొంచెం లోపలికి పోతుంది, నీ వేళ్లు దానికి అలవాటు పడిపోతాయి. పైగా 2019 ఏప్రిల్ 1 నుంచి 125 సీసీ వరకూ ఉన్న బండ్లకు కనీసం రెండు బ్రేకులూ కలిపే ఏర్పాటు తప్పనిసరి చేశారు. ఎడమ లీవర్ నొక్కితే వెనక చక్రంతోపాటు ముందు చక్రమూ పట్టుకుంటుంది. మంచి ఏర్పాటే. కానీ వెనకది బలహీనపడినా ముందుది కొంత బరువు మోస్తుంది కాబట్టి లోపం నీకు ఆలస్యంగా తెలుస్తుంది.

అందుకే బండిని మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లే ముందు ఒక్కసారి వెనక చక్రం పక్కన కూర్చో. బ్రేకు వైరు వచ్చి తగిలే ఇనుప చెయ్యి మీద చిన్న బాణం గుర్తు ఉంటుంది. ఎవరినైనా లీవర్ పూర్తిగా నొక్కమను. ఆ బాణం ప్లేటు మీది గుర్తుకు ఎదురుగా వచ్చిందంటే లైనర్లు అయిపోయాయి. రాకపోతే ఇంకా ఉన్నాయి, జబ్బు వేరేచోట ఉంది. దీనికి పైసా ఖర్చు లేదు.

చాలాచోట్ల జరిగేదేమిటంటే, బ్రేకు పట్టడం లేదనగానే నట్టు నాలుగు చుట్లు బిగించి పంపిస్తారు. ఆ రోజుకు గట్టిగా పడుతుంది. అరిగిన లైనర్ మీద నట్టు బిగించడం జబ్బును దాచడమే. నాకు అన్నిటికంటే కోపం తెప్పించే పని ఇదే. ఎందుకంటే నీలాంటి ఆడబిడ్డ ఆ బండి మీద తండాలకు వెళ్లి మసక చీకట్లో తిరిగి వస్తుందని ఆ బిగించినవాడికి గుర్తుండదు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. వెనక చక్రం విప్పించి పాత లైనర్లు నీ చేతిలోకి తీసుకో. పక్కన నిలబడి చూడటం సరిపోదు, చేతిలోకి తీసుకో. రెండూ సమానంగా, పలచగా, మసకగా అరిగి ఉంటే వాటి ఆయుష్షు తీరింది, మార్చడం న్యాయం. దళసరి బాగానే ఉండి పైన అద్దంలా మెరుస్తుంటే, వేడికి గట్టిపడ్డాయి. ఎమ్రీ పేపరుతో రుద్దితే కొన్నాళ్లు వస్తాయి. ఒక కొస ఎక్కువ, ఒక కొస తక్కువ అరిగితే వాటిని తోసే క్యామ్ బిగుసుకుపోయి ఉండొచ్చు. మన ఎర్రమట్టి దుమ్ము, వానాకాలం వాగుల నీళ్లు చేసే పని ఇది. దాన్ని విప్పి, తుడిచి, ఇరుసుకు రవ్వంత గ్రీజు పెట్టకుండా కొత్త లైనర్లు వేస్తే అవీ అలాగే అరుగుతాయి.

ఇక నీ బండి విషయంలో నా అనుమానం నాలుగో రకం మీద. లైనర్ నల్లగా, జిడ్డుగా ఉందా చూడు. గేర్ ఆయిల్ వాసన వస్తుందా చూడు. స్కూటీ వెనక చక్రం తగిలించే ఇరుసు గేర్ డబ్బా నుంచి బయటికి వస్తుంది. అక్కడ రబ్బరు ఆయిల్ సీల్ ఉంటుంది. అది పాడైతే ఆయిల్ చుక్క చుక్కగా డ్రమ్ములోకి దిగుతుంది. తడిసిన లైనర్ ఎంత కొత్తదైనా జారుతుంది. రెండు నెలలకే పోవడానికి నాకు కనిపిస్తున్న కారణం ఇదే. సీల్ మార్చకుండా ఎన్ని జతలు వేసినా వృథా.

డ్రమ్ము లోపల కూడా గోటితో గీరి చూడు. గోరు తట్టుకునేంత గాట్లు పడితే కొత్త లైనర్ పూర్తిగా ఆనదు. చాలా డ్రమ్ముల మీద గరిష్ఠ వ్యాసం మిల్లీమీటర్లలో పోతపోసి ఉంటుంది. అది దాటితే డ్రమ్ము మార్చాల్సిందే. లోపలి దుమ్మును నోటితో ఊదవద్దని ఆ మెకానిక్‌కీ చెప్పు. పేరూ ఊరూ లేని లైనర్లలో ఆస్బెస్టాస్ ఉండొచ్చు, అది ఊపిరితిత్తులను తినేస్తుంది. తడిగుడ్డతో తుడిస్తే చాలు.

ఇక ధర. బిల్లులో సామాను వేరుగా, లేబర్ వేరుగా రాయమను. నువ్వు పంపిన కాగితంలో అంతా కలిపి ఒకే అంకె ఉంది, అదే నాకు నచ్చలేదు. సామాను అట్టపెట్టె అడిగి దాని మీది ఎమ్మార్పీ చూడు. అందులో పన్నులన్నీ కలిసే ఉంటాయి. దానిమీద మళ్లీ జీఎస్టీ అంటే ఒప్పుకోవద్దు. లేబర్ మీద పన్ను అడిగితే బిల్లులో జీఎస్టీ నంబరు ఉండాలి.

ఒరిజినల్ వెయ్యాలా, లోకల్ వెయ్యాలా అన్నావు. లెక్క కోసం అనుకుందాం: ఒరిజినల్ జత 280, లోకల్ జత 120, లేబర్ 150. ఒరిజినల్‌తో 430 అవుతుంది. లోకల్ సామాను సగం కాలమే వస్తే రెండుసార్లు విప్పాలి, 540 అవుతుంది. మధ్యలో బ్రేకు సరిగా లేని రోజులు అదనం. అందుకని బ్రేకుల దగ్గర చవక వెతకొద్దు. లేబర్ దగ్గర అసలు బేరం చెయ్యొద్దు. ఇరవై రూపాయలు తగ్గించమంటే అతను తగ్గిస్తాడు, క్యామ్ విప్పి తుడిచే పది నిమిషాలు కూడా తగ్గించేస్తాడు.

పని అయ్యాక సెంటర్ స్టాండు వేసి వెనక చక్రం చేత్తో తిప్పు. అక్కడక్కడా సన్నగా రాసుకున్న చప్పుడు వస్తే ఫరవాలేదు, బరువుగా తిరిగితే ఎక్కువ బిగించాడు. లీవర్ నొక్కితే గ్రిప్పుకు ఆనకూడదు. తర్వాత ఖాళీ రోడ్డు మీద ఇరవై వేగంలో బ్రేకు మెల్లగా వేసి చూడు. ఐదారు కిలోమీటర్లు తిరిగొచ్చి చక్రం మధ్యభాగానికి అరచెయ్యి దగ్గరగా పెట్టు, తాకకు. మంటలా సెగ వచ్చినా, కాలిన వాసన వచ్చినా వెనక్కి తీసుకెళ్లు. కొత్త లైనర్లు డ్రమ్ముకు సర్దుకునేదాకా, మొదటి రెండు వందల కిలోమీటర్లు, బండి నెమ్మదిగా నడుపు.

మాట పెంచుకునే అవసరం రాకూడదనే కోరుకుంటాను. వస్తే 1915 నంబరుకు ఫోన్ చెయ్యొచ్చు, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. ఖమ్మంలో జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. ఐదు లక్షల లోపు వ్యవహారానికి అక్కడ ఫీజు కూడా లేదు. కాకపోతే బిల్లు లేకుండా అక్కడ నీ మాట నిలబడటం కష్టం.

రేపు వెళ్లినప్పుడు మొదట వెనక చక్రం విప్పించు. ఆయిల్ తడి ఉంటే, "అన్నా, పోయినసారి సీల్ చూడలేదు, సీల్‌కూ లైనర్లకూ డబ్బులిస్తాను, లేబర్ మాత్రం మళ్లీ ఇవ్వను" అని మర్యాదగా చెప్పు. తడి లేకపోతే ఆ పాత లైనర్ల ఫోటో రెండు వైపులా తీసి నాకు పంపు. అది సరయ్యేదాకా తండాలకు బస్సులోనో ఆటోలోనో వెళ్లు, ఆ బండి మీద వెళ్లకు.