మెడ మీద చెయ్యి వేసేముందు

సెలూన్‌లో క్షవరం అయ్యాక మెడను పటుక్కుమనిపించడం మనకు కొత్తేమీ కాదు. బెంగళూరులో ఆ పటుక్కుకి ఇప్పుడు 'కైరో' అని బోర్డు వచ్చింది. పొద్దస్తమానం లాప్‌టాప్ ముందు వంగి కూర్చునే మెడలకు ఇక్కడ కొదవ లేదు మరి. అందుకే ఇంటర్ బైపీసీ పిల్లలు కొందరు అడుగుతున్నారు: కైరోప్రాక్టర్, అంటే వెన్నును, కీళ్లను చేత్తో సరిచేసే చికిత్సకుడు, కావాలంటే ఏ పరీక్ష రాయాలి?

ముందు ఇది తెలుసుకోండి: మన దేశంలో కైరోప్రాక్టర్లకంటూ విడిగా లైసెన్సు పరీక్ష లేదు. వారాంతపు కోర్సులో ఇచ్చే సర్టిఫికెట్ లైసెన్సు కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2005 మార్గదర్శకాల్లో పూర్తి శిక్షణకు కనీసం 4,200 గంటలు పెట్టింది, అందులో 1,000 గంటలు పర్యవేక్షణలో రోగులను చూడటం. శని, ఆదివారాలు రోజుకు ఎనిమిది గంటలు కూర్చున్నా వచ్చేది 16.

తర్వాత దారి ఎంచుకోండి. బెంగళూరులోనే ఉంటామంటే ఫిజియోథెరపీ మేలని నా అభిప్రాయం. బైపీసీతో ఫిజియోథెరపీ డిగ్రీ బీపీటీలో చేరొచ్చు. రాజీవ్ గాంధీ ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయానికి అనుబంధంగా నగరంలో కాలేజీలు చాలానే ఉన్నాయి. ఆ అనుబంధం ఉందో లేదో చూశాకే ఫీజు కట్టండి. ఆపైన రెండేళ్ల పీజీ, ఎంపీటీలో ఎముకలు, కండరాల విభాగం తీసుకుంటే కీళ్లను చేత్తో కదిలించే చికిత్స లోతుగా వస్తుంది. ఫిజియోథెరపీ 2021 నాటి జాతీయ అలైడ్ హెల్త్‌కేర్ చట్టం కిందికి వచ్చింది. కోర్సు కాలం, ప్రవేశ నిబంధనలు మారుతున్నాయి, మీరు చేరే ఏడాదివి చూసుకోండి.

కాదు, కైరోప్రాక్టరే కావాలంటే విమానం ఎక్కాలి. ఈ వైద్యం పుట్టింది అమెరికాలో. 1895లో అయోవా రాష్ట్రం డావెన్‌పోర్ట్‌లో డి.డి. పామర్ మొదలుపెట్టాడు. అక్కడ డాక్టర్ ఆఫ్ కైరోప్రాక్టిక్‌లో చేరాలంటే ముందు మామూలు డిగ్రీ చదువు కొంత, సాధారణంగా 90 క్రెడిట్లు, ఉండాలి. కాలేజీకి కౌన్సిల్ ఆన్ కైరోప్రాక్టిక్ ఎడ్యుకేషన్ గుర్తింపు ఉందా అన్నది మొదట చూడండి. అది లేకపోతే తర్వాత లైసెన్సు దగ్గర చిక్కుకుంటారు.

అక్కడ లైసెన్సుకు కావాల్సిన పరీక్షలు కైరోప్రాక్టిక్ జాతీయ బోర్డు పెడుతుంది, నాలుగు భాగాలు. మొదటిది శరీర నిర్మాణం, రసాయన శాస్త్రం లాంటి పునాది. రెండోది రోగ నిర్ధారణ, ఎక్స్‌రే వంటి క్లినికల్ విషయాలు. మూడోది రోగి కేసు ఇచ్చి ఏం చేస్తావని అడుగుతుంది. నాలుగోది అసలు గండం: చేతి పనితనం చేసి చూపించాలి. ఫిజియోథెరపీ మీద విడిగా ఇంకొకటి ఉంది. ఇవన్నీ గట్టెక్కినా లైసెన్సు ఇచ్చేది ఆయా రాష్ట్ర బోర్డే, షరతులు ఒక్కోచోట ఒక్కోలా ఉంటాయి.

అంత దూరం, అంత ఖర్చు వద్దంటే కౌలాలంపూర్‌లోని ఐఎమ్‌యూ విశ్వవిద్యాలయంలో కైరోప్రాక్టిక్ డిగ్రీ ఉంది.

ఎక్కడ చదివినా ఒక పాఠం దాటేయొద్దు. ఎముకలు గుల్లబారినవాళ్లు, క్యాన్సర్ రోగులు, నడుంనొప్పితో పాటు మూత్రం మీద అదుపు తప్పినవాళ్లు వస్తే వెన్ను విరవకూడదు, ఆస్పత్రికి పంపాలి. మెడను విసురుగా తిప్పితే అరుదుగానైనా రక్తనాళం చీలి పక్షవాతం రావచ్చు.

తిరిగొచ్చి క్లినిక్ తెరుస్తారా? కర్ణాటక ప్రైవేటు వైద్య సంస్థల చట్టం, 2007 కింద నమోదు సంగతి జిల్లా ఆరోగ్యాధికారి కార్యాలయంలో అడగండి. బోర్డు మీద మీ పేరు పక్కన, చదివిన డిగ్రీ ఏదో అదే రాయించండి.