బొమ్మ రోబో నేర్పిన పాఠం

తమ్ముళ్ళారా! మొన్న సెలవుల్లో మేము అశ్వారావుపేట వచ్చినప్పుడు మీతో కలిసి చేసిన బొమ్మ రోబో గుర్తుందా? టూత్‌బ్రష్ తల కోసి, దాని మీద పాత సెల్‌ఫోన్‌లోని వైబ్రేషన్ మోటారు అంటించాం. రెండు వైర్లను బటన్ సెల్‌కు కలిపాం. ఆ మోటారు ఇరుసుకు ఒక పక్కనే బరువు ఉంటుంది. అందుకే తిరిగినప్పుడు అదురు పుట్టి బ్రష్షు పాకుతుంది. మన బొమ్మ బల్ల అంచు దాకా పాకి కింద పడింది. అంచు ఉందని దానికి తెలియదు కదా!

అసలైన రోబోకు మూడు కావాలి: తెలుసుకోవడానికి సెన్సర్లు, ఆలోచించడానికి కంప్యూటర్, కదలడానికి మోటార్లు. 2023 ఆగస్టులో చంద్రుడి మీద తిరిగిన ప్రజ్ఞాన్ బరువు 26 కిలోలు. దానికి 3 మీటర్ల ముందు 4 మీటర్ల వెడల్పు గుంత ఎదురైంది. ఇస్రో ఆదేశం పంపగానే వెనక్కి మళ్ళింది.

'రోబో' అనే మాట 1920లో చెక్ రచయిత కారెల్ చాపెక్ నాటకం నుంచి వచ్చింది. దాని మూలానికి అర్థం వెట్టిచాకిరి. వెట్టి అంటే ఏమిటో మన తాతలకు తెలుసు. 2025 ఫిబ్రవరి 22న నాగర్‌కర్నూల్ జిల్లాలో శ్రీశైలం ఎడమగట్టు కాలువ సొరంగం కప్పు కూలి 8 మంది చిక్కుకుపోయారు. ఆ తర్వాతే గాలింపుకు రోబోలను దించారు. అలాంటి చోటికి మనిషికన్నా ముందే యంత్రం వెళ్ళాలి.

పామాయిల్ గెలలు కోసే మా నాన్నలు, "మిషనొస్తే మా కూలి ఏంగాను?" అని అడిగారు. మా ఇళ్ళల్లో డిగ్రీ చదివిన మొదటివాళ్ళం మేమే, అయినా జవాబు చెప్పలేకపోయాం. ఆ జవాబు రోబోలు తయారుచేసేవాళ్ళ చేతుల్లో ఉంది. వాళ్ళలో మనమూ ఉండాలి. ఈసారి మన బొమ్మకు అంచును పసిగట్టే సెన్సర్ పెడదాం, రండి!