నేను టీచరునైతే

నేను టీచర్ కావాలనుకుంటున్న. ఒకటో తరగతిల సారు గ్లాసు చూపించి "ఇండ్ల ఏముందిరా?" అన్నరు. "పాణి" అన్న. తప్పన్నరు. మా తండాల నీళ్లను పాణి అనే అంటం. తర్వాత చాన్నాళ్లు నేను నోరు విప్పలె.

మదనపల్లె దగ్గరి రిషివ్యాలీ సంస్థ 1980లలో మొదలుపెట్టిన పల్లె బడులలో పాఠాలను చిన్న చిన్న కార్డులుగా చేసి మెట్ల వరుసలో పెట్టినరు. పిల్లలు ఎవరి కార్డు వాళ్లే తీసుకొని నేర్చుకుంటరు. ఒకటి వచ్చినంకనే ఇంకో మెట్టు. జ్వరమొచ్చి వారం రోజులు రాకున్నా, విడిచిన కాడినుంచే మొదలు. సారుకు పని తగ్గుతదనుకోకండి! ఎవరు ఏ మెట్టు మీద ఉన్నరో రోజూ చూడాలె.

నా తరగతిల మొదటి కార్డు మీద గ్లాసు బొమ్మ వేస్త. కింద పాణి, నీళ్లు రెండూ రాస్త.