ఇంగ్లీషు క్రియలు – తెనుగు కాలములు

నేను ఉపాధ్యాయవృత్తిలో ప్రవేశించిన తొలినాళ్లలో, రేపల్లె ప్రాంతపు బాలుడొకడు సెలవుచీటిని ఇంగ్లీషులో వ్రాసి తెచ్చెను. "మై మదర్ వాజ్ ఇల్ ఫ్రమ్ మండే" అని యందుండెను. 'వాజ్' అను మాటను జూచి, తల్లికి నెమ్మదించినదని తలచి, ఇక సెలవేల యని చీటిని త్రిప్పి యిచ్చితిని. బాలుడు మారుమాటాడక తరగతిలో కూర్చుండెను. సాయంకాలము వాని ముఖము చూచి యడుగగా, తల్లి యింకను జ్వరముతో మంచముమీదనే యున్నదని తెలిసినది. వాడు వ్రాయవలసినది "హ్యాజ్ బీన్ ఇల్ సిన్స్ మండే" అని. తప్పు కొంత వానిది. తెనుగున ఒక్కమాట యడుగక తీర్పు చెప్పిన నాది అంతకంటె ఎక్కువ. నాటినుండి క్రియలను బోధించునపుడు సూత్రములకంటె ముందు తెనుగువాక్యమునే బల్లమీద వ్రాయుచున్నాను.

మన విద్యార్థులు పండ్రెండు కాలముల పట్టికను తడుముకొనక యొప్పజెప్పుదురు. ఒప్పజెప్పి, వెంటనే "ఐ యామ్ గోయింగ్ టు స్కూల్ డెయిలీ" అని వ్రాయుదురు. చిన్న తరగతులలో 'గోస్' అన్నను, 'ఈజ్ గోయింగ్' అన్నను "పోవుచున్నాడు" అని యొకే యర్థము చెప్పుటయే దీనికి ముఖ్యకారణమని నా యభిప్రాయము. తగిన సాధనము మన యింటనే యున్నది. పరవస్తు చిన్నయసూరిగారు 1858లో ప్రకటించిన బాలవ్యాకరణమునందు వర్తమాన భూత భవిష్యత్తులతోపాటు తద్ధర్మము అనునది యొకటి గలదు. స్వభావమును, అలవాటును, ఎల్లప్పుడు నిజమైనదానిని అది తెలుపును. "కృష్ణ బంగాళాఖాతమున గలియును." "అతడు ప్రతిదినము బాపట్లనుండి తెనాలికి వచ్చును." ఇట్టిచోట ఇంగ్లీషువారు 'ఫాల్స్', 'కమ్స్' అందురే గాని 'ఈజ్ ఫాలింగ్', 'ఈజ్ కమింగ్' అనరు. "ఐ యామ్ నోయింగ్" అను మాట నోటికి వచ్చినపుడు, "నేనెరుగుదును" అని తెనుగున అనుకొని చూడుడు. అది తద్ధర్మమే, కావున "ఐ నో". ఒక్క చిక్కు గలదు: "అతడు రేపు వచ్చును" అన్నపుడు రూపమదియే యైనను అర్థము భవిష్యత్తు. అచ్చట 'విల్ కమ్' అనవలెను. రేపు, ఎల్లుండి అను మాటలు దానిని పట్టి యిచ్చును.

ఇంతకంటె కష్టమైనది భూతకాలము. బాపట్లనుండి వచ్చి తెనాలిలో దిగితిరి. రేపల్లెకు బండి మారవలెను. ప్లాట్‌ఫారముమీద నొకరిని "రేపల్లె బండి వెళ్లినదా?" అని యడిగితిరి. "వెళ్లినది" అనెను. "ఎప్పుడు వెళ్లినది?" "తొమ్మిదింటికి వెళ్లినది." తెనుగున అన్నిట "వెళ్లినది" యొకటే. ఇంగ్లీషున మొదటి ప్రశ్నకు "హ్యాజ్ ఇట్ గాన్?" అనవలెను, ఏలయన, మీకు కావలసినది ఇప్పటి సంగతి, బండి దొరకునా లేదా యని. గంట చెప్పగానే 'హ్యాజ్' తొలగిపోవును: "ఇట్ వెంట్ ఎట్ నైన్." కావున "ఐ హ్యావ్ కమ్ యెస్టర్డే" తప్పు. మన గ్రాంథికమున "వచ్చియున్నాడు" అను రూపము గలదు గదా. అందలి "ఉన్నాడు" వర్తమానము. ఆ రూపమును "నిన్న" అను మాట ప్రక్కన నుంచి చదివిన చెవికే యిమడదు. 'హ్యావ్' అనగా "కలిగియుండుట" అని మాత్రమే నేర్చిన పిల్లలు ఇచ్చట దిగ్భ్రమ చెందుదురు. వారికి ఈ "ఉన్నాడు" అను మాటనే చూపవలెను.

ఒక్క యూరి సంగతితోనే మూడు తీరులును తెలియగలవు. 2022 ఏప్రిల్ 4వ తేదీన బాపట్ల జిల్లా యేర్పడెను: "బాపట్ల బికేమ్ ఏ డిస్ట్రిక్ట్ ఇన్ 2022." నాటినుండి నేటివరకు జిల్లాగానే యున్నది: "ఇట్ హ్యాజ్ బీన్ ఏ డిస్ట్రిక్ట్ సిన్స్ 2022." రేపల్లె అంతకుముందు గుంటూరు జిల్లాలో నుండెను, ఇప్పుడు లేదు: "రేపల్లె వాజ్ ఇన్ గుంటూర్ డిస్ట్రిక్ట్ అంటిల్ 2022." తెనాలి మాత్రము గుంటూరు జిల్లాలోనే యున్నది. ముగిసిన దానికి 'వాజ్'. నేను చీటి చదివి మోసపోయినదిట్లే.

"నుండి" అను మాటయు మనలను త్రోవ తప్పించును. "2022 నుండి" అన్నపుడు 'సిన్స్'. "అయిదేండ్లనుండి" అన్నపుడు 'ఫర్'. మొదటిది ఆరంభము, రెండవది కొలత.

విద్యార్థులు ఈ క్రింది వాక్యములను ఇంగ్లీషులోనికి మార్చి, వచ్చు వారము నాకు చూపవలెను. తల్లిదండ్రులు ప్రక్కన కూర్చుండి, ప్రతి వాక్యమును "ఇది ముగిసినదా, ఇంకను సాగుచున్నదా?" అని తెనుగున అడిగిన చాలును, వారికి ఇంగ్లీషు రానక్కరలేదు.

మా తాతగారు ప్రతి ఆదివారము రేపల్లెకు పోవుదురు. మా అక్క ఇప్పుడే తెనాలినుండి వచ్చినది. నేను నిన్న బాపట్లలో దిగితిని. మా అమ్మకు సోమవారమునుండి జబ్బుగా నున్నది.

కడపటిదానిలో తప్పున్నను ఈసారి చీటిని త్రిప్పి యియ్యను.