యెన్‌ను చదివితే ఫారెక్స్ పట్టుబడుతుంది

టోక్యోలో పనిచేసే తెలుగు ఇంజనీరు 2020 చివర్లో ఇంటికి లక్ష యెన్లు పంపితే సుమారు 70 వేల రూపాయలు చేతికందేవి. 2024 జులై మొదట్లో అదే లక్షకు 52 వేలే వచ్చాయి. జీతం తగ్గలేదు, యెన్ పడిపోయింది. ఎందుకు పడిందో విడమరిచి చెప్పగలిగినవారికి బ్యాంకు ట్రెజరీల్లో, ఎగుమతి దిగుమతి కంపెనీల ఫైనాన్స్ విభాగాల్లో చోటుంది. అందుకే కామర్స్, ఎకనామిక్స్ విద్యార్థులకు ఒకటే చెబుతాను: పది కరెన్సీలను పైపైన చూడొద్దు. ఒక్కదాన్ని పట్టుకుని లోతుగా చదవండి. డాలరు, యూరోల తర్వాత ప్రపంచంలో ఎక్కువగా చేతులు మారే యెన్ అందుకు చక్కగా సరిపోతుంది.

ముందు ఒక తికమక తీర్చుకోవాలి. డాలరుకు 115 యెన్లున్న రేటు 150కి చేరిందంటే యెన్ బలపడినట్టు కాదు, బలహీనపడినట్టు.

యెన్ కదలికల్లో అన్నిటికన్నా ముఖ్యమైనది వడ్డీల తేడా. జపాన్‌లో వడ్డీ దశాబ్దాల పాటు సున్నా దగ్గరే ఉండేది. 2016లో సున్నా కిందికీ వెళ్లింది. అమెరికా ఫెడరల్ రిజర్వ్ మాత్రం 2022 మార్చిలో మొదలుపెట్టి 2023 జులై నాటికి వడ్డీని 5.25-5.50 శాతానికి పెంచింది. దాంతో పెట్టుబడిదారులు జపాన్‌లో చౌకగా అప్పు చేసి, ఆ యెన్లను అమ్మి డాలర్లు కొని, అమెరికా బాండ్లలో పెట్టారు. దీన్నే క్యారీ ట్రేడ్ అంటారు. జపాన్‌కు చమురు, గ్యాసు దాదాపు మొత్తం బయటినుంచే రావాలి. 2022లో వాటి ధరలు మండటంతో డాలర్ల అవసరం ఇంకా పెరిగింది. 2022 ఆరంభంలో డాలరుకు 115 దగ్గరున్న యెన్, జపాన్ ప్రభుత్వమే మార్కెట్లో దిగి కొన్నా ఆగక, 2024 జులైలో 161 దాటింది.

అదే నెల 31న బ్యాంక్ ఆఫ్ జపాన్ వడ్డీని 0.25 శాతానికి పెంచింది. రెండు రోజులకే అమెరికా ఉద్యోగాల గణాంకాలు నిరాశపరిచాయి. వడ్డీల తేడా తగ్గుతుందన్న భయంతో, యెన్లలో అప్పు చేసినవారంతా ఒక్కసారిగా యెన్లు తిరిగి కొనడానికి ఎగబడ్డారు. ఆ కుదుపులో ఆగస్టు 5న జపాన్ షేర్ల సూచీ నిక్కీ ఒక్కరోజులో 12 శాతానికి పైగా కూలింది. ఫారెక్స్‌లోకి రావాలనుకునేవారు ఆ వారం రోజుల పత్రికలను తేదీల వారీగా తప్పక చదవాలి.

అయితే వడ్డీ పెరిగితే కరెన్సీ పెరుగుతుందని బట్టీ పట్టొద్దు. 2024 మార్చిలో బ్యాంక్ ఆఫ్ జపాన్ మైనస్ వడ్డీకి స్వస్తి పలికిన రోజున యెన్ ఇంకా పడింది. మార్కెట్ ఆ నిర్ణయాన్ని ముందే ఊహించి లెక్కలో వేసుకుంది. 2011 మార్చి భూకంపం, సునామీల తర్వాత యెన్ పెరగడం మరో వింత. జపాన్ సంస్థలు విదేశాల్లోని తమ డబ్బును ఇంటికి తెచ్చుకుంటాయన్న అంచనాయే దానికి కారణం. ఇంటర్వ్యూలో ఇలాంటి ఉదాహరణ ఒక్కటి చెప్పగలిగినా మీ చదువు లోతు తెలిసిపోతుంది.

దారుల విషయానికొస్తే, బ్యాంకు ఆఫీసరుగా చేరి ట్రెజరీకి మారవచ్చు, ఆర్‌బీఐ గ్రేడ్-బి రాయవచ్చు. బ్రోకరేజీల్లో కరెన్సీ డెస్కుకు ఎన్‌ఐఎస్‌ఎం కరెన్సీ డెరివేటివ్స్ సర్టిఫికెట్ కావాలి. సీఏ, ఎంబీఏ ఫైనాన్స్ చేసినవారికి హెడ్జింగ్ పని ఉంటుంది. ఉదాహరణకు, హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డుకు జపాన్ సంస్థ జైకా అప్పిచ్చింది. అలాంటి యెన్ అప్పు తీర్చే వేళకు యెన్ బలపడితే రూపాయల్లో భారం పెరుగుతుంది. ఆ నష్టాన్ని ముందే అదుపులో పెట్టడమే హెడ్జింగ్.

నేర్చుకుంటున్నామంటూ ఫోన్లో కనిపించిన ఫారెక్స్ యాప్‌లో మాత్రం డబ్బు పెట్టకండి. అనుమతి లేని వేదికల పేర్లను ఆర్‌బీఐ అలర్ట్ లిస్టులో పెట్టింది. వాటిలో లావాదేవీలు జరిపితే విదేశీ మారక నిర్వహణ చట్టం (ఫెమా) కింద చర్యలు మీమీదే ఉంటాయి. డబ్బు పెట్టకుండానే సాధన చేయొచ్చు. బ్యాంక్ ఆఫ్ జపాన్ ఏడాదికి ఎనిమిదిసార్లు వడ్డీపై సమావేశమవుతుంది. ప్రతి సమావేశానికి ముందు మీ అంచనాను కారణాలతో రాసుకోండి. నిర్ణయం వచ్చాక యెన్ ఎటు కదిలిందో దాని పక్కనే రాయండి.